కింద పడ్డ తాళంచెవులు

వికారాబాద్‌లో రైలెక్కినప్పటి నుంచి ఎదురుసీటు ఆవిడ తాళంచెవులు జారవిడుస్తూనే ఉంది. ఎవరో ఒకరం వంగి తీసి ఇస్తూనే ఉన్నాం. ఆవిడ కాళ్ల దగ్గరున్న నల్లకుక్క మమ్మల్ని వింతగా చూస్తోంది.

చివరికి ఆవిడ నవ్వేసింది. "గింత లొల్లిల గూడ నేను నేర్పినట్టు ఈ కుక్క తీస్తదా లేదా అని చూస్తున్ననక్కా. మీరే తీసిస్తుండ్రి! తాండూరుల వంగరాని ఒక బిడ్డున్నది. ఇయ్యాల్టి నుంచి ఇది ఆమె దగ్గర్నే ఉంటది."

తాండూరులో నేనూ దిగాను. ప్లాట్‌ఫాం మీద చక్రాల కుర్చీలో ఆ అమ్మాయి ఎదురుచూస్తోంది. ఆవిడ అందించిన కుక్క తాడు అమ్మాయి చేతిలోంచి జారిపోయింది. నేను వంగబోయి ఆగాను.

కుక్క ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ అటు తిరిగి నిలబడింది. కాసేపటికి కుక్క తాడు కొసను నోట కరుచుకుని అమ్మాయి ఒళ్లో పెట్టింది. అమ్మాయి కేరింతలు కొట్టింది.

ఆవిడ మాత్రం ఇంకా ఇటు తిరగలేదు.