మామిడికుదురు చర్చిల్

మా వీధిలో చర్చిల్ ఉన్నారంటే మా కాలేజీ పిల్లలు నమ్మరు. వేళాకోళం అనుకుంటారు. ఎనభై దాటిన మనిషి, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ ఉంటారు. ఇంగ్లండు ప్రధానికీ ఈయనకీ పోలిక ఆ చుట్ట ఒక్కటే. ఆ చర్చిల్ మాటలతోనే సగం యుద్ధం చేశాడు. మా చర్చిల్ గారితో నాలుగు మాటలు మాట్లాడించాలంటే మనం నలభై మాట్లాడాలి. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ కొబ్బరి చెట్లెక్కి దింపు తీశారు.

ఆయన తండ్రి జీవరత్నం ఒక మిషను ఆస్పత్రిలో నీళ్ళు తోడేవాడు. యుద్ధం రోజుల్లో ఆ ఆస్పత్రి గోడ మీద ఒక బొమ్మ ఉండేదట. ఓడ మీద ఇద్దరు దొరలు పక్కపక్కనే కుర్చీల్లో కూర్చున్న బొమ్మ. వీళ్ళెవరని కాంపౌండరుని అడిగి పేర్లు కనుక్కున్నాడు జీవరత్నం. చుట్టరికం మాత్రం తనే కలిపేశాడు. అంత దగ్గరగా కూర్చుంటే అన్నదమ్ములు కాక మరేమిటి? పెద్దకొడుకు పుడితే చర్చిల్ అని, రెండోవాడు పుడితే రూజ్వెల్ట్ అని పెట్టేశాడు. అప్పటికే అసలు రూజ్వెల్ట్ కాలం చేశాడన్న కబురు మామిడికుదురు చేరలేదు.

అన్న బడి మానేసి చెట్లెక్కాడు, తమ్ముడు బడికి వెళ్ళాడు. ఆ యుద్ధంలో రూజ్వెల్ట్ అమెరికా నుంచి సామాను పంపితే చర్చిల్ ఇంగ్లండు నిలబడింది. మా ఊళ్ళో అది తలకిందులైంది, చర్చిల్ డబ్బులు పంపితే రూజ్వెల్ట్ చదివాడు. చదివి హెడ్మాస్టరయ్యాడు. రూజ్వెల్ట్ మాష్టారి ఫొటో ఇప్పటికీ మా హైస్కూల్లో దండతో ఉంది. ఆయన పోయి ఆరేళ్ళయినా, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు కుటుంబంలో బోలెడుమంది. మనవడొక రూజ్వెల్ట్, మునిమనవడొక రూజ్వెల్ట్. చర్చిల్ పేరు మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. చర్చిల్ గారి కొడుకులకి బైబిలు పేర్లే పెట్టాలని ఆయన భార్య మార్తమ్మ గారు పట్టుబట్టారు. ఆయన ఎప్పటిలాగే ఊరుకున్నారు.

కువైట్‌లో పనిచేసే మనవడు బెన్నీకి ఈ వేసవిలో కొడుకు పుట్టాడు. చర్చిల్ గారికి మొదటి మునిమనవడు. బెన్నీ సెలవు మీద వచ్చి, "తాతయ్యా, ఈడికి నీ పేరే" అన్నాడు. పెద్దాయన ముఖం చూడాలి ఆ రోజు! చుట్ట ఆరిపోయినా వెలిగించుకోవడం మర్చిపోయారు.

అయితే బెన్నీ భార్య శారోన్ గ్రూప్స్ పరీక్షలకి చదువుతోంది. ఆ పిల్ల పుస్తకంలో బెంగాల్ కరువు దగ్గరికొచ్చి ఆగింది. "లక్షలమంది ఆకలితో చచ్చిపోతుంటే మనల్ని చీదరించుకున్నాయన పేరు నా బిడ్డకి పెట్టనండి. ఉదయ్ అని పెడదాం" అని తెగేసి చెప్పింది. పెద్దాయన ఎదుటే చెప్పింది. తప్పనను, ఆ పుస్తకాలు చెప్పేవాణ్ణి నేనే.

ఆ సాయంత్రం చర్చిల్ గారు మా ఇంటికొచ్చారు. రాజోలు కాలేజీలో చరిత్ర లెక్చరరుని నేను ఇదే వీధిలో ఉన్నా, ఇన్నేళ్ళలో ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు.

"దుర్గారావుగారండీ, ఆయనెలాంటోడండి?"

"ఎవరండీ?"

"నా పేరాయన. ఆళ్ళ తమ్ముడు కూడానండి."

వాళ్ళు అన్నదమ్ములు కారని చెప్పాను. ఆయన తల ఊపారు గానీ నమ్మినట్టు లేదు. అక్కడినుంచి నేను చరిత్ర చెప్పాననడం కంటే ఆయన ఆరా తీశారనడం సబబు. వాళ్ళకి పొలాలున్నాయా అన్నారు. ఇద్దరూ కలిగినవాళ్ళ బిడ్డలే అన్నాను. రూజ్వెల్ట్‌కి నడివయసులో జబ్బు చేసి కాళ్ళు పడిపోయాయనీ, చక్రాల కుర్చీలోంచే అమెరికాని ఏలాడనీ చెబితే ముందుకు వంగారు.

"కాళ్ళు లేకపోతే ఎవరు మోసేవారండి? అన్నగారేనా?"

"అన్నగారు కాదండీ బాబూ! సముద్రానికి అవతల ఒకరు, ఇవతల ఒకరు."

నాకు విసుగూ వచ్చింది, సరదా కూడా వేసింది. హిట్లరు ముందు అందరూ చేతులెత్తేసిన రోజుల్లో చర్చిల్ తలవంచలేదని చెబితే, "గట్టోడేనండి" అన్నారు. ఓడ మీద ఇద్దరూ కలుసుకుని, ఏ దేశం వాళ్ళని ఆ దేశం వాళ్ళే ఏలుకోవాలని కాగితం రాసుకున్నారని చెప్పాను. ఇంటికెళ్ళాక చర్చిల్ అది ఇండియాకి వర్తించదన్నాడని కూడా చెప్పాను. ఆయన చుట్ట నోట్లోంచి తీశారు.

"ముందెవరు పోయేరండి?"

"రూజ్వెల్ట్. యుద్ధం ముగియకుండానే."

"అన్నగారు మట్టికి వచ్చేరా?"

అంత్యక్రియలకి రాలేదన్నాను. మరుసటి ఏడు వెళ్ళి సమాధి చూసొచ్చాడని సర్దబోయాను. ఆయన వినలేదు. "మట్టికి రాలేదాండి!" అని చాలాసేపు అదే అన్నారు. రూజ్వెల్ట్ మాష్టారు పోయినప్పుడు ఈయన శవపేటిక కొస పట్టుకుని స్మశానం దాకా వదల్లేదు, నేను చూశాను. అప్పటికే ఆయన మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి.

ఆఖరికి కరువు సంగతి అడిగారు. దాచలేదు. ముప్ఫై లక్షలమంది దాకా పోయారంటారనీ, తప్పులో ఆయన వాటా ఎంతన్నదాని మీద ఇప్పటికీ వాదులాడుకుంటారనీ, కానీ మనమంటే ఆయనకి ప్రేమ లేదన్న మాట నిజమేననీ చెప్పాను. తర్వాతి ఏడు ధాన్యం తేవడానికి ఓడలిమ్మని రూజ్వెల్ట్‌ని అడిగితే ఆయనా ఇవ్వలేదని కూడా చెప్పాను. ఇంటినిండా రూజ్వెల్ట్‌లున్నారు, వాళ్ళ పేరు మాత్రం కడిగిన ముత్యమా? అది నా కడుపుమంట.

ఆయన మనసు మాత్రం అటు పోలేదు. "ఏ ఏడండి ఆ కరువు?"

"నలభై మూడు."

"నేను పుట్టిన ఏడేనండి." చుట్ట పక్కన పెట్టారు. "అన్ని లక్షలమంది పోతుంటే అక్కడ ఎవరో ఒకరు గంజి పోసే ఉంటారు కదండీ. ఆళ్ళ పేరు చెప్పండి. బిడ్డకి అదే పెడదాం."

ఇరవై ఏళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. ఒక్క పేరు నోటికి రాలేదు. ఉండే ఉంటాయి, నేనెప్పుడూ వెతకలేదు. తెలియదండీ అంటే, "పోన్లెండి. శారోనమ్మ చెప్పిందే పెడదాం" అని లేచి వెళ్ళిపోయారు. నాకు సిగ్గేసింది. ఆయన మీద జాలేసింది, ఆ పిల్ల మీద కోపమూ వచ్చింది.

కోపం కడుపులో పెట్టుకునే రకం కాను. మర్నాడే వాళ్ళింటికెళ్ళి, పెద్దాయన లేని సమయం చూసి, జరిగినదంతా శారోన్‌కి చెప్పాను. వాకిట్లో కూర తరుగుతున్న మార్తమ్మ గారు కత్తిపీట పక్కకి నెట్టారు.

"బెంగాల్లో ఎవరు పోసేరో నాకు తెలీదండి. తొంభై ఆరు తుఫానుకి మా రూజ్వెల్టు బడి తలుపులు తీసేడు, ఊరంతా అందులో దూరింది. ఆ సంగతి పేపర్లో కూడా ఏసేరు. మరి ఆళ్ళు తిన్నదేంటి? పుల్ల ముట్టిద్దామంటే ఊళ్ళో పొడి పుల్ల లేదు. ఈయన పొయ్యిలోకని అటక మీద దాచిన కొబ్బరి డొక్కలు మోసుకెళ్ళి, మా గాదెలో బియ్యం గుండిగలో పోసి గంజి కాసేడు. నీళ్ళు దిగేదాకా కాస్తానే ఉన్నాడు. మా ఇంటి పిల్లలకీ ఆ వరసలోనే పోసేడమ్మా, ముందు పొయ్యమంటే నన్ను కసిరేడు. అదొక్కటే ఆయన నన్ను కసరడం."

బిడ్డ ఏడిస్తే శారోన్ లోపలికి వెళ్ళింది. చదువుకున్న పిల్ల, పట్టుదల గలది, ఇక మారదనుకుని నేను ఇంటికొచ్చేశాను.

ఆదివారం సాయంత్రం వాళ్ళ పందిట్లో నామకరణ ప్రార్థన. పాస్టరుగారు బిడ్డని ఎత్తుకుంటే ఇంటి పెద్ద పేరు చెప్పాలి, వాళ్ళలో పద్ధతి అది. రూజ్వెల్ట్‌లందరూ ముందు వరసలో ఉన్నారు. చర్చిల్ గారు తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డారు. చెప్పవలసిన పేరు మర్చిపోతానేమోనని పెదవులతో అనుకుంటున్నారు. ఉదయ్, ఉదయ్.

"పెద్దాయనా, పేరు చెప్పండి" అన్నారు పాస్టరుగారు.

ఆయన గొంతు సవరించుకున్నారు. "తాతయ్యా, ఆగండి" అంది శారోన్. పమిట సర్దుకుని ముందుకొచ్చింది. "మీరు అడిగిన పేరు నేను కనుక్కున్నాను. ఈ ఒక్కసారికి నన్ను చెప్పనివ్వండి."

పాస్టరుగారు బెన్నీ వైపు చూశారు. బెన్నీ నా వైపు చూశాడు. నాకేం తెలుసు?

"గంజి పోసినాయన పేరండి," అంది శారోన్, "చర్చిల్."

పందిట్లో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. పాస్టరుగారు బిడ్డని ఇంకాస్త పైకెత్తి, "పెద్దాయనా, మీకు సమ్మతమేనా?" అని అడిగారు.

పెద్దాయన బిడ్డనే చూస్తూ నిలబడ్డారు. మార్తమ్మ గారు మోచేత్తో పొడిచారు.

"ఆయ్" అన్నారు చర్చిల్ గారు.