ఈ పూటకి ఏడుగురు

నాగపూర్ కాలేజీలో అర్థశాస్త్రంతో పాటు సాయంత్రాలు సంఘసేవ క్లాసులో కూడా చేరాక, నేను పూనుకోనిదే లోకం బాగుపడదని నమ్మాను. సెలవులకి బిలాస్‌పూర్ రాగానే ప్రశ్నల కాగితాలు పట్టుకుని మా రైల్వే క్వార్టర్ల మీద పడ్డాను. మొదట దొరికింది పక్క వరసలో ఉండే, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య.

“ఇంట్లో ఎంతమంది పిన్నీ?”

“ఈ పూటకా? ఏడుగురు.”

ఎప్పుడడిగినా ఆమె పూట లెక్కే చెప్పేది. ఆమె కన్నది ఒక్క కూతురినే. మొగుడు కాక మిగతావాళ్లు, బండి కింద పడి పోయిన పోర్టరు పిల్లలు ముగ్గురు, పక్కనున్న మస్తూరీ ఊరి నుంచి పనికొచ్చి జ్వరపడ్డ ఒక కూలీ.

“నువ్వేటి సదువుతున్నావు బాబూ?”

“మనుషులకి సాయం ఎలా చెయ్యాలో నేర్పుతారు పిన్నీ.”

“అచ్ఛా! దానికీ సదువుందేటి?” అంది, నిజంగానే ఆశ్చర్యపోతూ. “అయితే ఇలాగ రా. ఇతన్ని లేపి పట్టుకో, గంజి తాగిస్తాను.”

పట్టుకున్నాను. అతను గుటక వేసేలోపే పేరు, ఊరు, వయసు అడిగాను. పాపం, జవాబు చెప్పబోతే అతనికి పొలమారింది.

ఆ ఏడు సంఘసేవ క్లాసు పరీక్షలో నాదే మొదటి స్థానం. ఆమె ఇంటి కాగితం అడుగున నేను రాసిన మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి: “ఈ ఇంట్లో సంఘసేవ గురించి ఎవరికీ తెలియదు. నేర్పాలి.”