మల్లికకు అర్థం కాని పలకరింపు

తెలుగు తండ్రులకు, బర్మా తల్లులకు పుట్టి, ఇద్దరినీ పోగొట్టుకున్న నలుగురు పిల్లలం ఒకే ఓడలో ఈ దేశానికి వచ్చాం. చీరాల చుట్టుపక్కల నాలుగు కుటుంబాలు మమ్మల్ని పెంచుకున్నాయి. ఏటా మిరపకోతలయ్యాక అందరం వేటపాలెం జీడితోటలో కలిసేవాళ్లం. మొదట్లో పిల్లలం బర్మా భాషలోనే గుసగుసలాడుకునేవాళ్లం. మా ఊళ్లో ఆ మాటలు వినేవాళ్లు లేక, నేను ఏడాదంతా ఆ రోజు కోసమే ఎదురుచూసేదాన్ని.

నాకు పదకొండేళ్లప్పుడు, బండి దిగగానే పరుగున వెళ్లి మా నలుగురిలో ఒకతైన మల్లికను ఆ భాషలో పలకరించాను. మల్లిక తెల్లబోయింది.

"ఏందే, ఏమంటున్నావు?"

మిగతా ఇద్దరి వైపు తిరిగి మళ్లీ అన్నాను. వాళ్లకూ అర్థం కాక పకపకా నవ్వారు. పెద్దవాళ్లూ నవ్వారు. సిగ్గుతో చెట్టు చాటుకు వెళ్లి కూర్చున్నాను.

నన్ను పెంచిన అమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"దాన్ని ఏమడిగావమ్మా?"

"అన్నం తిన్నావా అని."

"నాకు నేర్పవే. మనిద్దరం మాట్లాడుకుందాం."

అమ్మ ఆ మాటను వంకరటింకరగా పలికి, "ఇంకోటి చెప్పు," అంది.

నోరు తెరిచాను. ఎంత వెతుక్కున్నా ఇంకో మాట రాలేదు. నీళ్లను ఏమనేవాళ్లమో, కన్నతల్లిని ఏమని పిలిచేదాన్నో కూడా గుర్తు రాలేదు. భయమేసి అమ్మను గట్టిగా పట్టుకున్నాను.

ఆ తర్వాతా ఏటా కలిశాం, తెలుగులో కడుపుబ్బా నవ్వుకున్నాం. ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ నా దగ్గరుంది. సరిగ్గా పలుకుతున్నానో లేదో చెప్పేవాళ్లే లేరు.