చూడకుండా పెట్టిన సంతకాలు

అమ్మకి పక్షవాతం వచ్చాక, గాజువాకలోని మా ఇంటికి ఒక ఏజెన్సీ ద్వారా హోమ్ కేర్ మనిషిని పెట్టుకున్నాను. ఒప్పందానికి ముందు వాళ్లతో గంటసేపు వాదించాను. పడకపుళ్లు పడకుండా అమ్మని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, తిప్పినప్పుడల్లా చార్టులో గుర్తు పెట్టాలి. ఇది వాళ్ల నిబంధన. "తిప్పేదీ మీ మనిషే, గుర్తు పెట్టేదీ మీ మనిషే. సాక్షి ఎవరు?" అన్నాను. రోజుకోసారి ఇంటివాళ్లు ఒంటిని స్వయంగా చూసి సంతకం చేసే గడి నా పట్టుదల వల్లే ఆ కాగితంలో చేరింది.

వచ్చినావిడ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు పట్టే కుటుంబం మనిషి. నలభై దాటి ఉంటాయి. ఆమె శిక్షణ పత్రాన్ని నేను వెలుతురుకి ఎత్తి మరీ చూశాను.

"దొంగ నోటేటి మాస్టారూ, అలగ సూత్తన్నారు?" అని నవ్వింది.

ఆరో రోజు ఆమె నా గదిలోకి వచ్చింది. నేనేదో వ్యాసం రాసుకుంటున్నాను.

"అమ్మగారికి నడుం కింద ఎర్రగయినాది మాస్టారూ. ఓపాలి వచ్చి సూడండి. డాట్రుగారికి సెప్పి గాలి పరుపు తెప్పించాల."

"వేళకి తిప్పుతున్నావుగా? చార్టు నిండా గుర్తులే."

"తిప్పుతన్నాను. అయినా వత్తంది. వాసన కూడా తేడాగున్నాది. సేపల కాడ పుట్టినదాన్ని, నా ముక్కు అబద్ధమాడదు."

"ముక్కు సాక్ష్యం కాదమ్మా" అన్నాను. ఆ చమత్కారానికి నేనే మురిసిపోయి, ఆ రోజు గడిలో సంతకం చేసి కాగితం ఆమె చేతికిచ్చాను.

అసలు సంగతి, నేను ఒక్కరోజూ చూడలేదు. కొడుకు తల్లి ఒంటిమీద దుప్పటి తీసి చూడకూడదని నాకెవరూ నేర్పలేదు. నేర్పకుండానే వంటబట్టింది. శరీరం గురించిన సిగ్గు ఒట్టి మూఢత్వమని వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ణి. అమ్మ గది గుమ్మం దాకా వెళ్లి, "బాగానే ఉందా?" అని గోడతో అన్నట్టు అడిగి, తిరిగొచ్చేవాణ్ణి.

ఆమె ఇంకో రెండుసార్లు చెప్పింది. పదో రోజుకి చర్మం చిట్లి పుండయింది. ఈసారి ఆమె నన్నడగలేదు, ఏజెన్సీకే ఫోన్ చేసింది. సూపర్‌వైజరమ్మ వచ్చి పుండు చూసింది, చార్టు చూసింది.

"రోజూ మీరు చూసి సంతకం పెట్టారు కదా సార్. మరి ఇంతదాకా ఎలా వచ్చింది?"

నిర్లక్ష్యమని తేలితే అమ్మని చూసుకునే ఆవిడ ఉద్యోగం ఊడుతుందని నాకు తెలుసు. ఒప్పందంలో ఆ షరతు కూడా చదివాను.

"బాగానే ఉందని ఈవిడ చెప్పింది. నమ్మాను" అన్నాను.

"నానా? నానేటి సెప్పేను మాస్టారూ మీకు?"

నేను కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. సూపర్‌వైజరమ్మ ఆమెని సామాను సర్దుకోమని చెప్పి వెళ్లిపోయింది.

ఆమె సర్దుకోలేదు. చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని నన్ను పిలిచింది. "ఇలగ రండి. ఇంకో మనిసి వచ్చీదాకా మీరే తిప్పాల. సూసి నేర్సుకోండి."

దుప్పటి తీసింది. చూశాను. నా అరచేతిలో సగం ఉంది పుండు. అమ్మ పళ్లు బిగించి ఉంది. ఆ మొహంలో నొప్పి తప్ప ఇంకేమీ లేదు. సిగ్గంతా నాదే. ఆమె చెప్పినట్టు భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి తిప్పాను. అయిపోయాక ఆమె సంచీ తీసుకుని, నా వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత సూపర్‌వైజరమ్మకి ఫోన్ చేశాను. సంతకాలన్నీ చూడకుండా చేశాననీ, ఆవిడ మూడుసార్లు హెచ్చరించిందనీ చెప్పాను. రాసివ్వమంది. రాసిచ్చాను. ఆవిడనే మళ్లీ మా ఇంటికి పంపమని కోరాను.

మర్నాడు జవాబొచ్చింది. "ఉద్యోగానికి ఇబ్బంది లేదు సార్. పెందుర్తిలో ఒకరింటికి వేశాం. మీ ఇంటికి మాత్రం వెళ్లనంది."

ఎందుకట అని అడగబోయి ఆగిపోయాను.