ఇసుకతో పూడ్చిన పొయ్యి

ఆ గదిలో ఉన్నవి: నేల మధ్య ఒక పొయ్యి గుంట, దాని నిండా ఇసుక, పైన పొగ డిటెక్టర్, గోడకు ఏసీ. ఉన్నవాళ్లం: నేను, మా ముదీర్, అంటే మేనేజరు. దయ్యాల మీద నాకు అప్పుడు నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. చూసింది మాత్రం రాస్తున్నాను.

2006లో దుబాయ్ వైపు, ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ దగ్గర ఒక తోటలో ఫైర్ అలారం పని చేశాను. తోట యజమాని జపాన్‌లోని ఓ కొండ ఊరి నుంచి పాత రైతు ఇల్లొకటి కొని, విప్పించి, కంటైనర్లలో తెప్పించాడు. మంచు జారిపోయేలా బాగా ఏటవాలుగా ఉన్న గడ్డి కప్పు. దూలాలకు మేకులు లేవు, మోకులతో కట్టారు.

దాన్ని నిలబెట్టడానికి వచ్చిన జపాన్ వడ్రంగి రోజూ ఆ పొయ్యి వెలిగించేవాడు. పొగ తగిలితేనే గడ్డికి పురుగు పట్టదట. ఆరనివ్వొద్దని చెప్పి వెళ్లాడు. గడ్డి ఇంట్లో నిప్పుకు పర్మిషన్ రాదు కాబట్టి పూడ్పించాం.

వారం తిరక్కుండానే అలారం మోగడం మొదలైంది. డిటెక్టర్ మార్చాను, వైర్లు మార్చాను. మళ్లీ మోగింది. లోపల పొగ వాసన ఉండేది, పొగ కనిపించేది కాదు.

వైరింగులో లోపం లేదని తేలాక అనుమానించడానికి మిగిలింది మా హెల్పర్ యాదగిరి. కరీంనగర్ మనిషి. ఇంటి తాళం అతని దగ్గరే ఉండేది. పంపేస్తే మళ్లీ వీసా దొరకని వయసు.

మా ముదీర్ హైదరాబాదీ. "ఏం మియా, ఇల్లే బీడీ తాగుతుందా?" అన్నాడు.

"తాగుతదేమో, దాన్నే అడుగుండ్రి సార్. నేను బంద్ జేసి ఏడాదాయె. నా బిడ్డ మీద ఒట్టు."

"ఖలాస్. సామాన్ సర్దుకో."

యాదగిరి విమానం ఎక్కిన మర్నాడు ఉదయం తాళం నా జేబులో ఉంది. ముదీరూ నేనూ బయట కారు పక్కన చాయ్ తాగుతున్నాం. అలారం మోగింది.

తలుపు తీశాం. పచ్చి కట్టెలు కాలుతున్న వాసన. మంట లేదు, మనిషి లేడు. ముదీర్ అలవాటు కొద్దీ "యాదగిరీ!" అని కేకేసి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"వెనక్కి పిలిపిద్దాం సార్."

"వీసా క్యాన్సిలైపోయింది. ఇప్పుడు ఏమని రాయను? ఇల్లే తాగిందనా?"

ఏసీ చెక్ చేసే థర్మామీటర్ తీశాను. ముందు గాలిలో చూశాను. తర్వాత ఇసుకలోకి గుచ్చాను. దాని కింద వైరు గానీ పైపు గానీ లేవు. ఆ డ్రాయింగ్ గీసింది నేనే. కారణం ఇవాళ్టికీ చెప్పలేను.

గది ఇరవై రెండు డిగ్రీలు. ఇసుక తొంభై నాలుగు.