పది రూపాయల బిళ్ళలండీ!

మా మేనత్త నాంచారమ్మ ముప్పై ఏళ్ళుగా బందరు రామానాయుడుపేటలో ఇంటింటికీ తిరిగి చేపలమ్ముతోంది. పది రూపాయల బిళ్ళ చెల్లదని పుకారు పుట్టించినవాడి నోరు పడిపోను! కిరాణా కొట్లో తీసుకోరు, ఆటోవాడు తీసుకోడు. అందరూ తెచ్చి మా అత్త చేతిలో పోస్తారు. అదే బిళ్ళ ఆమె చిల్లరగా తిరిగిస్తే మాత్రం, "బిళ్ళలొద్దు, నోటివ్వు" అంటారు. ఎంత సిగ్గులేనితనం!

అలా చేరి చేరి ఆమె పెట్టుబడంతా బిళ్ళలైపోయింది. రేవులో చేపల వేలం పాట దగ్గర నోట్లే అడుగుతారు. నోట్లు లేకపోతే ఆదివారం బేరం లేనట్టే. వారమంతా ఒక ఎత్తు, ఆదివారం ఒక్కటీ ఒక ఎత్తు.

శుక్రవారం సంచి మోసుకుని ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. కౌంటర్లో ఆయన తలైనా ఎత్తకుండా, "ఇవన్నీ ఇప్పుడెవరు లెక్కపెడతారమ్మా? సోమవారం రండి" అన్నాడు. అక్కణ్ణుంచి గోవర్ధనరావు కొట్టుకు వెళ్ళాం. చిల్లర మార్చడం అతని పక్క వ్యాపారం.

"వందకి ఎనభై ఇస్తానత్తా. ఇష్టమైతే ఇచ్చెళ్ళు, లేకపోతే మోసుకెళ్ళు."

"ఏం అల్లుడూ, చెల్లనివైతే నీకెందుకు? చెల్లేవైతే నా ఇరవై ఎందుకు కొట్టేస్తావు?" అని అత్త సంచి లాక్కుంది.

ఆదివారం బేరం పోతుంది, ఇచ్చెయ్యమని అత్తని బతిమాలాను.

"పోనీ. వీడికి ధారపోసేకంటే పస్తుంటాను!"

ఆదివారం పొద్దున్నే ఖాళీ గంపలో ఆ సంచి పెట్టుకుని బయల్దేరింది. చేపలకి కేకేసే గొంతుతోనే, "బిళ్ళలండీ! పదికి పది! మీరిచ్చిన బిళ్ళలేనండీ!" అని వీధంతా అరిచింది. గిన్నెలు పట్టుకొచ్చినవాళ్ళు గుమ్మాల్లోనే నిలబడిపోయారు.

"చేపలేవి నాంచారమ్మా?" అని ప్రసన్నలక్ష్మి టీచరుగారు అడిగారు.

"మీ డబ్బులు చెల్లలేదంట టీచరమ్మగారూ. చెల్లని డబ్బులకి నాకు చేపలెవరిస్తారు? ఇవి తీసుకుని నోట్లిచ్చెయ్యండి."

"మేమిచ్చినవే అని గుర్తేంటి?"

"బిళ్ళకి గుర్తేం ఉంటుందండీ? ముప్పై ఏళ్ళు పొలుసు తీసి ముక్కలు కోసిచ్చాను. నా మొహం గుర్తుంటే చాలు."

టీచరుగారు లోపలికెళ్ళి నోట్లు తెచ్చారు. ఆమెను చూసి మిగతావాళ్ళూ తెచ్చారు. రెండిళ్ళవాళ్ళు మాత్రం దభాలున తలుపులేసుకున్నారు. మధ్యాహ్నానికి సంచి దాదాపు ఖాళీ అయింది. ఆదివారం సంపాదన గోవిందా.

"రేపు పండుగప్ప తెస్తావా?" అని టీచరుగారు నెమ్మదిగా అడిగారు.

"తెస్తానండి. బిళ్ళిస్తే తీసుకుంటాను, చిల్లరా బిళ్ళే ఇస్తాను. వద్దన్న ఇంటి ముందు ఇక గంప దించను!"