వాన అని రాయని మా బావ

ఈ ఉదయం హిందూపురంలో టీ అంగడి ముందు కూర్చుని పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో చిన్న వార్త కంటపడింది. పెద్ద కంపెనీ ఒప్పందం రద్దు చేసుకున్నందువల్ల ఎక్కడో ఒక చిన్న విమాన కంపెనీ దివాలా తీసిందట. పక్కనున్న రిటైరైన పంతులుగారు తొంగిచూసి, టైము బాగలేకుంటే విమానమైనా నేల మీదికి దిగాల్సిందేనప్పా అని తేల్చేశారు. మామూలుగా అయితే ఆ మాటకు గంట సేపు వాదించేవాణ్ణి. ఈరోజు మాత్రం నా మనసు అప్పటికే బెంగుళూరు విమానాశ్రయంలో, నేను పనిచేసిన చిన్న కంపెనీ షెడ్డులోకి వెళ్ళిపోయింది.

ఫ్యాన్ల రెక్కలు తిరిగే ఆ చిన్న విమానాలు నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. విమానం మాది, పైలట్లు మావాళ్ళు, మరమ్మతు మాది. పైన రంగూ పేరూ మాత్రం పెద్ద కంపెనీవి, టికెట్లు అమ్మేదీ వాళ్ళే. మా తప్పు వల్ల నెలలో ఇన్నికి మించి ప్రయాణాలు రద్దయితే ఒప్పందం తెంచుకునే హక్కు వాళ్ళకుండేది. వాన వల్ల ఆగినవి మాత్రం లెక్కలోకి రావు. మా బతుకులన్నీ ఆ ఒక్క షరతు మీద వేలాడుతుండేవి.

అక్కడ తను చేసే మరమ్మతు పనిలోనే నన్నూ చేర్చింది మా బావ, అంటే మా అక్క భర్త. ధర్మవరంలో పట్టుమగ్గం నేసే ఇంట్లో పుట్టినవాడు. చీరలో తెగిన ఒక్క పోగును దూరం నుంచే పట్టుకునే ఆ కన్ను, విమానం రెక్క మీద వెంట్రుకంత పగులును కూడా అలాగే పట్టేది. ఆయనకు లేని దేవుడు లేడు, నాకు ఉన్న దేవుడు లేడు. సభల్లో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు దంచే వయసు నాది. వారం చివర ఇళ్ళకు వచ్చే పాసింజరు బండిలో నేను హిందూపురంలో దిగేదాకా, ఆయన పెనుకొండకు సాగిపోయేదాకా వాదనే. విమానం మోసేది గాలి బావా, నీ నిమ్మకాయ కాదు అని నేనంటే, “ఆ గాలి గూడా దేవుడేరా నాస్తికుడా, నువ్వు పీల్చేది ఎవుర్ని అనుకుంటాండావు?” అని పెట్టె అంతా వినపడేలా నవ్వేవాడు.

ఒక ఏడు ఆయుధ పూజ వచ్చేనాటికి ఆ నెల రద్దుల సంఖ్య హద్దును తాకి ఉంది. ఇంకొక్కటి చాలు, ఒప్పందం పోతుంది. పూజనాటి సాయంత్రం వాన పడింది. అది వెలిశాక బావ విమానాన్ని తుడిచి, ముక్కుకు రెండు పక్కలా గంధం మెత్తి, కుంకుమ బొట్లు పెట్టాడు. మా కంపెనీ విమానాలుండే అన్ని ఊళ్ళలోనూ మావాళ్ళు చేసే పనే. మర్నాడు పొద్దున విమానాన్ని పరీక్షించే వంతు నాది. దగ్గరికి పోయి చూస్తే ఒక బొట్టు సరిగ్గా సన్నటి రంధ్రాల మీద ఉంది. బయటి గాలి ఒత్తిడిని కొలిచే రంధ్రాలవి. అవి మూసుకుంటే పైలట్ ముందున్న మీటర్ల ముళ్ళు ఎత్తునూ వేగాన్నీ తప్పుగా చూపిస్తాయి. గంధం లోపలి గొట్టం దాకా దిగి గట్టిపడింది. విప్పి శుభ్రం చేసి పరీక్షించడానికి సగం రోజు పడుతుంది. ఆ ప్రయాణం రద్దయినట్టే.

మేనేజరు పరుగున వచ్చాడు. విమానాన్ని ఆపండి, బాగు చేయండి, కానీ మరమ్మతుల పుస్తకంలో మాత్రం గొట్టంలోకి వాన నీళ్ళు దిగాయని రాయండి చాలు, అందరం బతుకుతాం అన్నాడు. నిజం గురించి అన్ని సభల్లో మాట్లాడిన నా చేతిలో కలం కదల్లేదు. పెనుకొండలో కిటికీల ఎత్తుకు లేచిన అక్కావాళ్ళ ఇంటి గోడలు కళ్ళ ముందు నిలిచాయి. అబద్ధం రాయాలనే నాకు అనిపించింది. ఈ మాట ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను.

బావ నా చేతిలోంచి కలం తీసుకున్నాడు. “వాన అని రాస్తే మిగతా ఊర్లలో వాళ్ళు ఆ రంధ్రాలు చూస్తారా సార్? ఆడ గూడా పూజ చేసింటారు కదా. నేను పెట్టిన బొట్టు, నేనే రాస్తా” అన్నాడు. గంధం వల్ల రంధ్రం మూసుకుందనీ, అది తన పొరపాటనీ వంకర అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. ఆ కబురు అందిన గంటకు ఇంకో ఊళ్ళో, ప్రయాణికులు ఎక్కి కూర్చున్న విమానానికి కూడా అదే చోట బొట్టు దొరికింది. వాళ్ళను దింపేశారు.

నెల తిరక్కుండా పెద్ద కంపెనీ ఒప్పందం తెంచుకుంది. ఏడాది లోపే మా కంపెనీ దివాలా తీసింది. అమ్మవారి పేరున పెట్టిన బొట్టు తుడిచినందుకే మునిగిపోయారని ఊళ్ళో కొందరు చెప్పుకుంటే నేను మండిపడ్డాను. బావ మాత్రం, “మునిగింది కంపెనీ అప్పా, మనుషులు కాదు” అని, ధర్మవరం పోయి మళ్ళీ మగ్గం గుంటలో కూర్చున్నాడు. పెనుకొండ ఇల్లు పూర్తి కావడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళలో ఒక్కనాడు కూడా ఆయన ఆ రాతకు చింతించగా నేను చూడలేదు. దేవుణ్ణి నమ్మే మనిషి నుంచి నేను నేర్చుకున్న హేతువాదం అది. ఎవరి ముందైనా గర్వంగా చెబుతాను.

ఇప్పుడు విమానం ఆగినా, రైలు ఆగినా, చివరికి కరెంటు పోయినా, సాంకేతిక కారణాలు అని ఫోనుకు ఒక సందేశం వస్తుంది. దాని కింద ఎవరి పేరూ ఉండదు. ఎవరి చేతిరాతా ఉండదు.